కార్డు రెండో వైపు

నేను ఒక టేకు పెట్టెను. పాత తలుపు చెక్కతో తెనాలి వడ్రంగి ఒకడు రక్తదాతల సంఘం కోసం నన్ను చేశాడు. నాలో మూడు వందల పన్నెండు కార్డులు ఉండేవి. ముందువైపు దాత పేరు, చిరునామా, గ్రూపు, ఆఖరుసారి రక్తమిచ్చిన తేదీ. వెనుకవైపు కార్యదర్శి హైమవతిగారి సన్నని అక్షరాలు.

ఎవరైనా రక్తమిచ్చి వెళ్లిన వారంలోగా ఆమె పోస్టుకార్డు రాసేవారు. రోగి పేరు చెప్పకూడదన్నది నియమం. అందుకని, "మీరిచ్చినది ఒక బాలింతకు ఎక్కింది. తల్లీబిడ్డలు ఇంటికి వెళ్లారు" అని మాత్రం రాసేవారు. మళ్లీ రమ్మని ఏనాడూ రాయలేదు. అయినా వచ్చేవారు.

చూపు తగ్గి ఆమె తప్పుకున్నాక శశిభూషణ్ వచ్చాడు. శ్రద్ధ గలవాడే. వారం రోజులు కూర్చుని కార్డులన్నీ కంప్యూటరులోకి ఎక్కించాడు, ముందువైపు మాత్రమే. నేను బీరువా మీదికి చేరాను. అప్పటినుంచి ప్రతినెలా ఒకటో తేదీన దాతలందరికీ ఒకే సందేశం: వచ్చి రక్తమివ్వండి. రెండు దానాల మధ్య మూడు నెలలు గడవాలన్న సంగతి ఆ సందేశానికి తెలియదు. ఏడాదిలో దాతలు సగమయ్యారు. జనంలో సేవాభావం సన్నగిల్లిందని సంఘం తీర్మానించింది.

ఆషాఢంలో ఒక ఉదయం రత్నకుమారి అనే తల్లి ఆఫీసు గుమ్మం పట్టుకుని నిలబడింది. ఆమె కూతురు చైత్రకు ఏడేళ్లు. మూడు వారాలకొకసారి రక్తం ఎక్కించకపోతే నిలవని పిల్ల. ఈసారి ఓ నెగెటివ్ ఎక్కడా దొరకలేదు. సాయంత్రం దాటితే గుండె తట్టుకోదని డాక్టరు చెప్పారట. ఆ గ్రూపులో, ఇచ్చి మూడు నెలలు దాటినవాళ్లను కంప్యూటరు నలుగురిని చూపింది. ఇద్దరు ఊళ్లో లేరు, ఒకరికి జ్వరం. నాలుగో మనిషి, మోటార్లకు వైండింగ్ చేసే నాగుల్‌మీరా, సంఘం పేరు వినగానే ఫోన్ పెట్టేశాడు. మళ్లీ ఎత్తలేదు.

శశిభూషణ్ హైమవతిగారికి ఫోన్ చేశాడు.

"కార్డు తిప్పి చూశావా నాయనా?" అని అడిగారామె.

నన్ను కిందికి దించి, దుమ్ము కూడా తుడవకుండా నాగుల్‌మీరా కార్డు తీసి, తిప్పి చదివాడు: "సూది చూడలేడు, పక్కన ఉండాలి. ఎవరికి ఎక్కిందో అడుగుతాడు. తప్పక రాయాలి."

ఆటోలో నన్ను ఒళ్లో పెట్టుకుని బయలుదేరాడు. దారిలోనే ఆసుపత్రికి ఫోన్ చేసి ఒక విషయం కనుక్కున్నాడు. కొట్లో బల్ల అద్దం కింద పదకొండు పోస్టుకార్డులు వరుసగా ఉన్నాయి. నాగుల్‌మీరా తల ఎత్తలేదు.

"మెసేజ్ పెడితే కొట్టు కట్టేసొచ్చా. మొన్నేగా ఇచ్చావ్, బుర్ర లేదా అంది నర్సమ్మ, పదిమందిలో. నెల తిరక్కుండా మళ్లీ మెసేజ్. నా రక్తం ఏమైందో మాత్రం ఒక్కళ్లూ చెప్పలా."

శశిభూషణ్ సంజాయిషీ చెప్పబోయి మానుకున్నాడు. "పోయినసారి మీరిచ్చింది ఏడేళ్ల పిల్లకి ఎక్కిందండీ. ఆ పిల్లే ఇవాళ మళ్లీ మంచమ్మీదుంది."

రాగితీగ చుట్ట కింద పెట్టిన చప్పుడు విన్నాను.

"ఇన్నాళ్లకా చెప్పేది? పద. సూదప్పుడు నువ్వు పక్కనుండాలి."

రక్తం వేళకు అందింది. మర్నాడు శశిభూషణ్ పోస్టుకార్డు ముందు చాలాసేపు కూర్చున్నాడు. రాయడానికి తనకేమీ తెలియదని గ్రహించి, వార్డుకు వెళ్లి చూసి వచ్చి రాశాడు: "పిల్ల లేచి కూర్చుంది. ఉప్మా వద్దని పేచీ పెట్టింది."

నెలనెలా సందేశం ఆగింది. నేను కంప్యూటరు పక్కకు చేరాను. తొంభై రెండో రోజున, ఎవరూ పిలవకుండానే, నాగుల్‌మీరా గుమ్మంలో చెప్పులు విడిచాడు.

"ఇప్పుడైనా ఉప్మా తింటందా?" అన్నాడు.