‘చిన్న’ అని ఉంటే వదిలెయ్

అత్తగారి బెడ్‌పాన్ కడిగొచ్చి, దుప్పటి సర్ది, ఆమె మళ్లీ లాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుంది. ఆపరేషనై మూడో రోజు. కన్నకొడుకు ఒక్కసారి తొంగిచూసి, "నీదెలాగూ ఎక్కడైనా కూచుని చేసుకునే పనే కదా" అని భార్యను అక్కడ కూచోబెట్టి వెళ్లాడు.

"మా కోడలు కంప్యూటర్లో నాలుగు ముక్కలు రాస్తుందమ్మా, అంతే" అని అత్తగారు నర్సుకు అడక్కుండానే చెప్పింది.

మంచం పక్కన నిలబడి నరంలోకి మందు చుక్కచుక్కగా ఎక్కిస్తోందే, ఆ యంత్రాన్ని నడిపే సాఫ్ట్‌వేర్ ఆమె ఆఫీసుదే. అందులో ఏం మారినా కాగితం మీద రాసి ఆసుపత్రులకు పంపడం ఆమె పని. ప్రోగ్రామర్లు తాము చేసిన ప్రతి మార్పుకీ ఒక లైను రాసిపెడతారు. పైవాళ్లు ప్రశ్నలు వెయ్యకుండా ఆ లైను ముందు ‘చిన్న’ అని తగిలించడం వాళ్ల అలవాటు. ఎనిమిదేళ్లలో ఆమె ఆ మాటను ఒక్కసారీ నమ్మలేదు. ప్రతి కుర్చీ దగ్గరికీ వెళ్లి, "ఏం మార్చావు నాయనా? మా అత్తగారికి చెప్పినట్టు చెప్పు" అనేది. నవ్వేవాళ్లు, విసుక్కునేవాళ్లు, చివరికి చెప్పేవాళ్లు. ఆ తిరుగుడు ఎవరికీ పనిలా కనిపించలేదు.

పోయిన నెల టీమ్ లీడర్ అననే అన్నాడు. "కబుర్లు చెప్పుకుంటూ తిరగడమెందుకు మేడం? ఆ లైన్లు ఏరి కాగితం తయారుచేసే ప్రోగ్రామ్ రాసెయ్యండి. ‘చిన్న’ అని ఉంటే వదిలెయ్యమనండి. అన్నీ రాస్తే చదివేవాళ్లు బెదిరిపోతారు." ఇంటికొచ్చి చెబితే భర్త టీవీ మీంచి చూపు తిప్పలేదు. "చిన్నదానికి రాద్ధాంతం చెయ్యకు." పెళ్లయిన పన్నెండేళ్లలో ఆ మాట కింద ఎన్ని పోయాయో ఆమెకే గుర్తులేదు. సగంలో ఆగిన చదువు, తను చదువుకునే గది. ఇంకా ఏవో. మర్నాడే ప్రోగ్రామ్ రాసిచ్చింది. అందరూ మెచ్చుకున్నారు.

ఇప్పుడు నర్సు, యంత్రానికి తగిలించిన కొత్త కాగితం తిప్పి చూసింది. "ఇదివరకు ఎవరో పక్కన కూచుని చెప్పినట్టు రాసేవాళ్లమ్మా. ఈసారి ‘పనితీరు మెరుగైంది’ అని ఊరుకున్నారు. ఆ మనిషి మానేసినట్టుంది."

"మానేసింది" అంది ఆమె.

నర్సు వెళ్లాక గదిలో అలికిడి లేదు. అత్తగారికి కునుకు పట్టింది. ఎంతసేపయిందో, తలెత్తి చూస్తే మందు సంచి ఖాళీ. అత్తగారి చేతి దగ్గర గొట్టంలో రక్తం ఎర్రటి గీతలా పైకి పాకుతోంది. మందు అయిపోతే గంట మోగాలి. మోగలేదు. పరుగెత్తి నర్సును లాక్కొచ్చింది.

"ఇది మోగలేదేంటి?" అంది నర్సు గొట్టం బిగిస్తూ.

ఆమె లాప్‌టాప్‌లో, ప్రోగ్రామ్ వదిలేసిన లైన్లు తెరిచింది. పదిహేడున్నాయి. ఆరోది: ‘చిన్న మార్పు. మందు అయిపోయాక గంట మోగేది వెంటనే కాదు, ఇరవై నిమిషాలకు.’

చదివి వినిపించగానే నర్సు గుమ్మం వైపు తిరిగింది. "వార్డులో ఇలాంటి యంత్రాలు ఇంకా పదమూడున్నాయి" అంటూ పరుగెత్తింది.

ఆమె టీమ్ లీడర్‌కు ఫోన్ చేసింది.

"గంట ఊరికే మోగుతోందని కొన్ని ఆసుపత్రులవాళ్లు గోల పెడితే మార్చాం మేడం. చిన్నదే. వచ్చేసారి చూద్దాం. ఇప్పుడు అందరికీ రాసి కంగారు పెట్టకండి, మీ ఉద్యోగం సంగతి కూడా చూసుకోండి."

"ఏమే, ఎందుకలా ఉన్నావు? ఏమైంది?" అత్తగారు కళ్లు తెరిచింది.

"చిన్నదేం కాదత్తయ్యా."

ఆ యంత్రం వాడే మూడువందల ఆసుపత్రులకూ రాసింది. మొదటి లైనులో గంట సంగతి. రెండో లైనులో, ‘దీన్ని మీకు చెప్పకుండా వదిలేసిన ప్రోగ్రామ్ రాసింది నేనే.’ కింద, ఎనిమిదేళ్లలో మొదటిసారి, తన పేరు పెట్టింది. పంపేసింది.

అప్పుడు చెవులు రిక్కించి వింది. అవతల వార్డులో నర్సు చెప్పుల చప్పుడు ఒక మంచం దగ్గర ఆగి, మళ్లీ కదల్లేదు. ఏ గంటా మోగడం లేదు.