తుప్పు లారీలకు టీ

మొదట్లో గ్రేడీ దగ్గర ఉన్నది పదకొండు వందల డాలర్లు. తొమ్మిది వందలు పాత పికప్ బండికి పోయాయి, మిగతావి పెట్రోలుకి. ఇక మిగిలింది ఒక్క మాట. కనుమ దగ్గర వేట క్యాంపు నడిపే వెండెల్ ఇచ్చిన మాట: "శనివారం పొద్దుగూకేలోపు సరుకు చేర్చావంటే ఈ సీజన్ రవాణా అంతా నీదే. లేదంటే విమానం వాడికిచ్చేస్తా."

యుద్ధకాలంలో సైనికులు చమురు కోసం వేసి, యుద్ధం అయ్యాక వదిలేసిపోయిన రోడ్డది. రాస్ రివర్ ఊరు దాటగానే వాళ్ళ లారీలు చెట్ల కింద వరసగా తుప్పుపట్టి ఉంటాయి. ఆ దారిన వెళ్ళే అక్కడి ఆదివాసులు, కాస్కా వాళ్ళెవరైనా అక్కడ ఆగి, ఒక్కో లారీకి కాస్త టీ పోసి కదులుతారు. శనివారం పొద్దున గ్రేడీతో వచ్చిన వాళ్ళ అమ్మమ్మ ఈడీ కూడా పెద్ద ఫ్లాస్కుతో బండి దిగింది.

"అమ్మమ్మా, లారీకి రెండు నిమిషాలు, పద్దెనిమిది లారీలు. అరగంట పైనే పోయినట్టు!"

"చలికాలమంతా మంచులో నిలబడ్డాయిరా. నీ లెక్కలో అది వేశావా?"

గ్రేడీ ఫ్లాస్కు అందుకుని, తనే పోశాడు.

మధ్యాహ్నానికి ఏరు వచ్చింది. వంతెన లేదు. రాత్రి వరదకు కొట్టుకుపోయింది. గ్రేడీ స్టీరింగ్ మీద తల వాల్చేశాడు. డబ్బూ సీజనూ రెండూ ఈ గట్టునే ఆగిపోయాయి.

"తర్వాత ఏడుద్దువుగానీ, బండి పక్కకి తియ్. దారికడ్డం," అంది అమ్మమ్మ.

వెనక గడగడమని చప్పుడు. లారీలు వస్తున్నాయి. డ్రైవర్లు లేరు, కొన్నిటికి ఇంజన్లూ లేవు. ముందున్నదాని సీట్లో మొలిచిన మొక్క ఊగుతోంది. ఒకదాని వెనక ఒకటి నీళ్ళలోకి దిగి, అవతలి ఒడ్డుదాకా ఆనుకుని నిలబడ్డాయి.

"చూస్తావేంట్రా? నీళ్ళు చల్లగా ఉన్నాయి వాటికి."

గ్రేడీ గేరు వేసి బండిని వాటి మీదికి ఎక్కించాడు. చక్రాల కింద తుప్పు రేకులు కిర్రుమన్నాయి గానీ ఒక్కటీ కుంగలేదు. గట్టెక్కగానే హారన్ గట్టిగా మోగించాడు. ఏట్లోంచి పద్దెనిమిది హారన్లు బదులు పలికాయి.

పొద్దుండగానే క్యాంపు చేరారు. వెండెల్ పెట్టెలు చూసుకున్నాడు.

"వంతెన పోయిందని రేడియోలో అన్నారే?"

"లారీలు నిలబడ్డాయి."

"ఆహా. సరే, సీజన్ నీదే," అని చెయ్యి కలిపాడు.

గ్రేడీ తిన్నగా వంటవాడి దగ్గరికి వెళ్ళాడు. "అన్నా, నీ గిన్నెల్లో అన్నిటికన్నా పెద్దదేది?"

"ఎంతమందికి?"

"పద్దెనిమిది మందికి. ఇంకా నీళ్ళల్లోనే ఉన్నారు," అంటూ గ్రేడీ చొక్కా చేతులు పైకి మడిచాడు.