ప్రమీలమ్మ కేక

ఇంకొంచెం దగ్గరికి జరగండి. అంత దూరాన గోడకానుకొని కూచుంటే ఈ కథ వినబడదు. ఇందులో ఒక కేక ఉంది గానీ, దాన్ని ఇప్పుడు వేసి చూపడం ఎవరి తరమూ కాదు. అది నంద్యాల ప్రమీలమ్మ ఒక్కతికే చెల్లింది.

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. ప్రమీలమ్మ ఇంటి వెనక ఒక పాడుబడిన పత్తి గోదాము ఉండేది. మద్రాసు సినిమావాళ్ళు లారీలో వచ్చి దిగి, దాని కిటికీలకు వెదురుబద్దలు కట్టి, నల్లరంగు పూసి, ఇది తెల్లదొరల కాలంనాటి పిచ్చాసుపత్రి అన్నారు. చచ్చి దయ్యమైన డాక్టరు అందులోని పిచ్చివాళ్ళను పీక్కుతినే కథట. ఒట్టి బీద కంపెనీ. సంకెళ్ళంటే తారు పూసిన కొబ్బరితాళ్ళు. దయ్యం డాక్టరు ముఖానికి బియ్యప్పిండి. మధ్యాహ్నానికల్లా అది చెమటకు నాని, గడ్డం దగ్గర అట్టులాగా ఊడేది.

ఆ గోలకు ప్రమీలమ్మ బర్రె బెదిరి పాలివ్వడం మానేసింది. ఆమె కొంగు బిగించి నేరుగా గోదాములోకి పోయింది.

"ఎవడప్పా ఈడ పెద్ద? రెండు దినాలుగా నా బర్రె చుక్క పాలియ్యలే! ఏందీ మీ కత?"

ఆ అరుపుకు గోదాములో పావురాలన్నీ లేచిపోయాయి. డైరెక్టరు మాత్రం చేతులు జోడించాడు. "అమ్మా, ఇదే అరుపు కెమెరా ముందు అరవండి. మూడు రోజులు భోజనం, ఒక మద్రాసు చీర."

"అంచు ఉంటాదా?"

"ఇంత వెడల్పు!" అని జానెడు చూపించాడు.

అట్లా ప్రమీలమ్మ పిచ్చిదయింది. జుట్టు విరబోసి, చేతులకు తారుతాళ్ళు కట్టి, నుదుట దెబ్బ తగిలినట్టు గుండ్రంగా ఎర్రరంగు పూశారు. ఊగుతూ, నాలుక బయటపెట్టి, "తలుపు తియ్యండ్రా! ఆకలైతాంది!" అని అరవాలి. అరిచింది. కంపెనీ వెళ్ళిపోతూ చీర ఇచ్చింది. అంచు లేదు.

మరుసటి ఏడు కొడుకు శేషయ్యకు సంబంధం కుదిరే వేళ వచ్చింది. నాలుగు సంబంధాలు కాదన్న శేషయ్య, అహోబిలం తిరునాళ్ళలో ఆళ్ళగడ్డ రంగమ్మను చూసి, ఆ పిల్లయితేనే చేసుకుంటానని పట్టుబట్టాడు. పిల్ల తల్లి జయలక్ష్మమ్మ మధ్యవర్తిని ఒక్కటే అడిగింది. "ఆ ఇంట్లో పిచ్చి ఏమన్నా ఉండాదా? మా అక్కనిచ్చిన కాడ అత్తకు పిచ్చని చెప్పలే. అప్పగింతలప్పుడే ఆ అత్త మా అక్క చెయ్యి కొరికె. మళ్ళా అట్లాంటి కొంపకు పిల్లనియ్యను."

"అట్లాంటిదేం లేదు" అని కబురు పంపారు.

తాంబూలాలకు ముందురోజు తల్లీకొడుకులు ఆళ్ళగడ్డలో బస్సు దిగేసరికి, తప్పెట్లతో ఒక ఎద్దులబండి ఎదురొచ్చింది. బండికి అటూ ఇటూ సినిమా బొమ్మ. ఊచలు, విరబోసిన జుట్టు, మధ్యన తెరుచుకున్న నోరు. ఆ నోరు ప్రమీలమ్మదే, కొండనాలుకతో సహా.

"అమ్మా, అది..." అన్నాడు శేషయ్య.

"మూసుకొని నడువు" అంది తల్లి.

బస పిల్లవాళ్ళింట్లోనే. సాయంత్రం జయలక్ష్మమ్మ కూతురితో సహా తయారై కూచుంది. "పా వదినా. మా ఊరికొచ్చి టాకీసు చూడకుండా పోతావా?"

"నాకు తలనొప్పిగా ఉండాది వదినా."

"సినిమా చూస్తే పోతాది."

"కడుపులో కూడా..."

"డేరా పక్కనే సోడాలమ్ముతారు, పా."

డేరాలో మగవాళ్ళు అటు, ఆడవాళ్ళు ఇటు, నడుమ తడిక. ఆట మొదలైంది. దయ్యం డాక్టరు వస్తే ఎవరూ భయపడలేదు. "ఒరే, ఆయప్ప గడ్డం కాడ అట్టు ఊడుతాంది సూడు!" అని ఒకటే నవ్వు. ప్రమీలమ్మ ముఖం నిండా కొంగు కప్పుకొని, దేవుళ్ళందరినీ పేరు పేరునా పిలిచింది, కరెంటు తీసెయ్యమని.

అప్పుడు తెరమీద పిచ్చిది వచ్చింది. తెలుపు నలుపు బొమ్మలో ఆ నెత్తుటి మచ్చ అణా బిళ్ళంత బొట్టయింది. విరబోసిన జుట్టు, చాచిన నాలుక, ఆ ఊగడం! నవ్వులు ఆగిపోయాయి. ముందు వరసలో ఒక ముసలామె లేచి చేతులు జోడించింది.

"పూనకమే! ఎవరు తల్లీ నువ్వు? నీకేం కావాల?"

పూనినవాళ్ళను అట్లా అడగడం మన ఆచారం. అడిగిందానికి తెర బదులిచ్చింది.

"తలుపు తియ్యండ్రా! ఆకలైతాంది!"

ఇంకేముంది? నలుగురు లేచి డేరా తలుపు బార్లా తీశారు. టికెట్టు లేక బయట నిలబడ్డ ఊరంతా లోపలికొచ్చింది. వేపమండలు వచ్చాయి, హారతి వచ్చింది. బొరుగులు, బజ్జీలు తెరమీదికి ఎగిరాయి. డేరా యజమాని ప్రభుదాసు గుండె బాదుకుంటూ వచ్చాడు. "అమ్మా, అది దేవత కాదమ్మా, పిచ్చిది! సినిమా అమ్మా!"

"నోరు ముయ్యప్పా, కండ్లు పోతాయ్!" అన్నారు.

జయలక్ష్మమ్మ తెర వంక చూసింది. పక్కకు చూసింది. ప్రమీలమ్మ ముఖం మీది కొంగు లాగింది. అయిపోయింది, కొడుక్కి ఈ జన్మలో పెండ్లి లేదు అనుకుంది ప్రమీలమ్మ.

"వదినా..." అని జయలక్ష్మమ్మ కాళ్ళమీద పడింది. "నీ మీదికి అమ్మ వస్తాదని ఒక్క మాట చెప్పకపోతివే! నిన్ను చినిగిన చాపమీద కూచోబెట్టినానే!"

నిజం ప్రమీలమ్మ నాలుక చివరిదాకా వచ్చింది. తడిక అవతల శేషయ్య గుర్తొచ్చాడు. గొంతు బొంగురు చేసింది.

"లెయ్. పొద్దున్నే తాంబూలాలు కానియ్."

పెండ్లయి రంగమ్మ నంద్యాల కాపురానికి వచ్చింది. మొదటి వారంలోనే కొట్టంలో బర్రెను విప్పుతూ, నల్లని తారుతాడు పైకెత్తి చూపింది. "అత్తా, ఇది ఆ పొద్దు నీ చేతులకుండె గదా? ముడి గూడా అదే."

ప్రమీలమ్మ తాడు లాక్కొని వెనక దాచుకుంది. "డేరాలోనే కనుక్కున్నావా? మరి మీ అమ్మకు చెప్పలేదేమే?"

"తిరునాళ్ళలో నీ కొడుకు ఒక్కడే చూసినాడనుకుంటాండావా? నేనూ చూసినా."

అత్తాకోడళ్ళ నవ్వుకు బర్రె మళ్ళీ బెదిరింది. ఆ తర్వాత ఏటా జయలక్ష్మమ్మ అమ్మవారికని చీర తెచ్చేది. ప్రమీలమ్మ గంభీరంగా అంచు కొలిచి మరీ తీసుకునేది.

ఇది మరిచిపోకండి నాయనా. మీ పిల్లలకు చెప్పండి. కేక దగ్గరికి వచ్చినప్పుడు మాత్రం నోటిమాటతో సరిపెట్టకండి, గొంతు పోయినా సరే, వేసి చూపించండి.