ఎక్కనని నేనన్నానా?

నేను ఒక సైకిలు టైరుని. బిగువు నా పుట్టుకలోనే ఉంది. ఫ్యాక్టరీలో నా రెండంచుల్లోనూ ఉక్కు తీగ పెట్టారు. రబ్బరు సాగుతుంది, తీగ సాగదు. ఈ సంగతి తెలియనివాళ్ళు నన్ను మొండిదంటారు. తెలిసినవాళ్ళూ అంటారు. అనిపించుకోవడం నాకూ కొంచెం ఇష్టమే.

నన్ను మొదట కొన్న డ్రాయింగు మాస్టారు పొద్దంతా పెనుగులాడి, ఇంట్లో గరిటె కాడ వంచేసి, "ఇది మనుషులకి చేసిన టైరు కాదయ్యా" అని కొట్లో తిరిగిచ్చేశారు. గరిటె సంగతి మాత్రం చెప్పలేదు.

రెండోసారి కోనసీమలో సూరిబాబు అనే ఆయన వాకిట్లోకి చేరాను. ఆ ఉదయం అతని భార్య మంగతాయారు జీడిపప్పు ఫ్యాక్టరీలో పనిలో చేరాలి. ఎనిమిదికి గేటు మూసేస్తారు. మొదటిరోజే రాకపోతే ఆ చోటు ఇంకొకరికి ఇస్తామని ముందే చెప్పారు. ఆ కాలవగట్టు మీద బస్సు లేదు. ఉన్నది సైకిలు. అంటే నేను.

సూరిబాబు నన్ను రిమ్ముకి తొడిగాడు. చాలావరకు బుద్ధిగానే ఎక్కాను. ఆఖరి జానెడు దగ్గర బిగిశాను. అది మా వంశాచారం. అతను బొటనవేళ్ళతో తోశాడు, మూలిగాడు, ఇనుప పట్టీ దూర్చాడు. లోపల ట్యూబు నలిగి తుస్సుమంది. అతుకు వేసి మళ్ళీ మొదలెట్టాడు. మళ్ళీ తుస్సు.

"సైజు తప్పిచ్చాడు తాయారూ. ఎక్కదిది. రేపు మార్పించుకొస్తాలే."

క్యారేజీ పట్టుకుని నిలబడ్డ మంగతాయారు అంది: "రేపయితే ఉద్యోగం కూడా మార్పించుకురావాలి."

మనుషుల మాటలు నాకు పైనెక్కడో వినబడతాయి. చేతులు మాత్రం నా ఒంటిమీదే ఉంటాయి. చేతులకి దాచడం రాదు. సూరిబాబు వేళ్ళు నన్ను గట్టిగానే తోసేవి, సరిగ్గా ఎక్కబోయే క్షణంలో వాటిలో బలం ఆరిపోయేది. ఆవిడ పనికి వెళ్ళడం అతనికి ఇష్టం లేదు. అది అతనికే తెలియదు. నిజంగానే చెమటోడుస్తున్నాడు, నిజంగానే ఓడిపోతున్నాడు. తన మొండితనమంతా నాకు అంటగట్టి హాయిగా తిడుతున్నాడు. నాకు మహా సరదాగా ఉంది. ఒక మనసుకి ముసుగుగా పనికొచ్చే అదృష్టం ఎన్ని టైర్లకి పడుతుంది?

అరుగు మీద ఆకువక్క నములుతున్న అతని తల్లి నూకరత్నం ఇక ఊరుకోలేకపోయింది.

"ఏరా, ఎక్కిస్తన్నావా, దింపుతన్నావా?"

"సైకిళ్ళ సంగతి నీకేం తెలుసే అమ్మా?"

"సైకిలు తెలీదు. నువ్వు తెలుసు. లెగు."

ఆవిడ నా ముందు చతికిలబడి నన్ను చుట్టూ తడిమింది. "తాయారూ, ఆవకాయ జాడీకి వాసెన కట్టేప్పుడు గుడ్డ ఇటు చాలకపోతే ఏం చేత్తాం?"

"అటునుంచి సర్దుకొత్తాం అత్తా."

"మరింకేం! ఇక్కడ చాల్లేదంటే అవతలెక్కడో మిగిలుంటది."

దొరికిపోయాను. అత్తాకోడళ్ళు నా అవతలి అంచుని రిమ్ము మధ్యలోని గాడిలోకి నొక్కుతూ, చేతులతో చుట్టూ సర్దుకుంటూ, ఆ వదులునంతా ఇటు తెచ్చారు. అందరూ బిగువున్న చోటే కుస్తీ పడతారు. దాని కారణం మాత్రం ఎదుటివైపున తీరిగ్గా కూర్చుని ఉంటుంది. ఇది ఒక్క టైర్లకే చెల్లుతుందని నేననుకోను. టప్పుమని ఎక్కాను.

గాలి కొట్టారు. మంగతాయారు సైకిలు ఎక్కబోతుంటే సూరిబాబు, "ఆగు, గాలి చూడనీ," అంటూ కూర్చున్నాడు. నన్ను నొక్కి చూశాడు. రాయిలా ఉన్నాను. అతని వేళ్ళు మెల్లగా గాలిమూత దగ్గరికి జరిగాయి. మూత వదులయ్యేవైపు కొంచెం తిరిగింది. అది అత్తాకోడళ్ళిద్దరికీ కనబడలేదు. నాకు సరదా పోయింది.

"అయిందా? నాకు భయంగా ఉందయ్యా. అక్కడెవరూ తెలీదు కదా," అంది పైనుంచి మంగతాయారు, మెల్లగా.

అతను తలెత్తి ఆవిడని చూశాడు. వేళ్ళు చాలాసేపు అక్కడే ఉన్నాయి. తర్వాత మూతని బిగించాయి. ఆ ఉదయం వాటిలో పూర్తి బలం తెలిసింది అప్పుడే.

"గట్టు మీద తుమ్మముళ్ళుంటాయి," అన్నాడు లేస్తూ. "కుడిపక్కన పో."

గేటు మూయకముందే చేర్చాను.

ఇప్పుడు అరిగి బోడినై, కోళ్ళగూటి రేకు ఎగిరిపోకుండా దానిమీద బరువుగా కూర్చున్నాను. ఆ దారిలో నాకు పడ్డ పంక్చర్లు చాలానే. అన్నీ ముళ్ళ పనే.