బంగారు నక్షత్రాల మొనలు

ఆదివారం భోజనాలయ్యాక సబేలా ఆక్టోపస్ ఉడికించిన పెద్ద గిన్నె తోముతుంటే, అత్తగారు ఒబ్డూలియా వెనకే నిలబడి, "ల్యాబులో కంటికి కనపడని బంగారంతో పని చేస్తావట. ఇంట్లో ఈ గిన్నె అడుగు మాత్రం కనపడదేం అమ్మాయ్?" అంది. హాల్లో ఫుట్‌బాల్ చూస్తున్న భర్త అంషో పకపకా నవ్వాడు. సబేలా కూడా నవ్వింది. నవ్వకపోతే "మా అమ్మ సరదాకి ఏమన్నా పడదు నీకు" అని రాత్రిదాకా వినాలి.

స్పెయిన్‌లోని విగో నగరంలో ఉన్న ఆ ల్యాబులో ఆమె చేసేవి బంగారు నక్షత్రాలు. విడిగా చూస్తే కంటికి ఆనవు, నీళ్ళలో ఉంటే నీలం రంగుగా మాత్రం తెలుస్తాయి. మొన ఎంత వాడిగా ఉంటే వెలుతురు అక్కడ అంతగా పోగవుతుంది. రక్తపు చుక్కలో అండాశయ క్యాన్సర్ జాడ రవ్వంత ఉన్నా, అది మొనకి అంటుకోగానే ఆ వెలుతురు తీరు మారి పట్టిచ్చేస్తుంది. చిక్కల్లా ఒకటే, మొనలు త్వరగా మొద్దుబారిపోయేవి. వెండి పాళ్ళు మార్చి, పైన పల్చటి పొర కప్పి వాటిని వాడిగా నిలబెట్టింది సబేలా దగ్గర పరిశోధన చేస్తున్న ఇరియా.

సోమవారం ల్యాబు పెద్ద సబేలాని పిలిచాడు. ఆయన పేరు ఎవరీస్తో. "సాంటియాగో ఆసుపత్రిలో పరీక్షలు మొదలవుతున్నాయి. కొన్నాళ్ళు అక్కడే ఉండి నడిపించాలి. ఇరియాని పంపుదామా, ఆమెతో పనిచేసే బ్రైస్‌నా?"

"బ్రైస్‌నే పంపండి. ఇరియాకి నెలలు నిండుతున్నాయి కదా, పాపం, ఈ తిరుగుడెందుకు?" అంది సబేలా.

"అంతేలే. ఆ కష్టం నీకంటే ఎవరికి తెలుసు!"

ఆ మెప్పు ఆమెకి మధ్యాహ్నం దాకా తియ్యగానే ఉంది. అప్పుడు ఇరియా వచ్చి, చేతి తొడుగులు కూడా తియ్యకుండా, "నా మంచికేనటగా?" అని అడిగి, జవాబు కోసం ఆగకుండా వెళ్ళిపోయింది.

సబేలా కడుపుతో ఉన్నప్పుడు, బెర్లిన్ సదస్సుకి వేరొకరిని పంపుతూ ఎవరీస్తో అన్నదీ ఈ 'నీ మంచికే' అన్న మాటే. అప్పుడు ఇంటికొచ్చి చెబితే "మంచిదేగా, విశ్రాంతి దొరికింది" అన్నాడు అంషో. ఇప్పుడు ఇరియా సంగతి చెబితే, పళ్ళెంలోంచి తల ఎత్తకుండా, "మంచి పనే చేశావు" అన్నాడు. సబేలా తన పళ్ళెం పక్కకి జరిపింది. తప్పు అత్తగారి మీదికి తోసి చూసింది, ఎవరీస్తో మీదికి తోసి చూసింది. ఎక్కడా అతకలేదు. ఆ మాట ఎవరూ అనిపించింది కాదు. తన నోటినుంచే, ఎంతో దయగా, నదురూ బెదురూ లేకుండా వచ్చింది. వచ్చినప్పుడు లోపల ఎక్కడో ఒక చిన్న తృప్తి కూడా కలిగింది. నేను పడ్డాను, నువ్వూ పడు అన్నట్టు.

మర్నాడు పొద్దున్నే ల్యాబు పెద్ద గదిలోకి వెళ్ళింది. "నిన్న నేను చెప్పింది తప్పు. ఆ నక్షత్రాలు ఇరియావి. వెళ్ళడమో మానడమో తేల్చుకోవలసింది ఇరియా."

"బ్రైస్‌కి చెప్పేశానే! ఇప్పుడు కాదంటే ఏమనుకుంటాడు?"

"అతనేమనుకుంటాడో అని ఆగుతున్నాం, చూశారా. ఆమె ఏమనుకుంటుందో అని మనిద్దరం ఒక్క క్షణం ఆగలేదు. బ్రైస్‌కి నేను చెబుతాను."

ఎవరీస్తో బ్రైస్ ప్రయాణపు కాయితం పక్కన పెట్టి, "సరే, అడుగు" అన్నాడు.

ఇరియా వెళ్తానంది. "థాంక్స్ మాత్రం చెప్పను."

"చెప్పొద్దు."

"మీకూ ఇలాగే చేశారటగా. అది ఎలా ఉంటుందో తెలిసి కూడా ఎలా అనగలిగారు?"

సబేలా తల వంచుకోలేదు.

"తెలుసు కాబట్టే అంత సులువుగా నోటికొచ్చింది ఆ మాట, ఇరియా."