ముందు వడ్డించుకున్న కంచం

దుర్గ్ పక్కన తెలుగు కూలీలుండే ఖుర్సీపార్ బస్తీలో పొద్దు వాలాక ఏ ఇంట్లోనైనా కనిపించే దృశ్యమే అది. పప్పు, చేపముక్కలు, తోటకూర ముందు లేబర్ కాంట్రాక్టరు శంకరరావు కంచంలోకి, తర్వాత అతని తల్లి అప్పయమ్మ కంచంలోకి వెళ్ళేవి. చివరికి భార్య సూర్యావతి గిన్నె అడుగు అన్నాన్ని వేపుడు నూనెతో, ఆవకాయతో కలుపుకునేది. పారేస్తే పాపమని, ఎంత మిగిలితే అంతా తినేది. ఇందులో అన్యాయం ఎవరికీ కనిపించలేదు. ఆమెకూ కనిపించలేదు.

ఎనభై ఒకటిలో దుర్గ్‌లో బంధువుల పెళ్ళికి వెళ్ళారు. ఆమె రిక్షా దిగుతుంటే శంకరరావు, "భయ్యా, టైర్లు సూసుకో! మా ఇంటి బస్తా దిగతంది" అన్నాడు. పందిరంతా ఘొల్లుమంది. సూర్యావతి కూడా నవ్వింది. లోపల మాత్రం భగ్గుమంది. 'ఈ మనుషుల ముందే నీ తల వంచకపోతే చూడు' అనుకుంది.

ముందు సన్నబడాలి. కేలరీలు తగ్గించమని పక్కింటి ఛాయ ఏదో పత్రికలో చూసి చెప్పింది. సూర్యావతి టీ, బిస్కెట్లతోనే రోజులు నెట్టింది. బరువు కాస్త తగ్గింది, జుట్టూ రాలింది. ఒకనాడు కుళాయి దగ్గర బిందె ఎత్తబోయి కూలిపోయింది.

"ఇదివరకు ఏం తినేదానివమ్మా?" అడిగింది డాక్టరు మణిమాల.

"ఏటి తింతానమ్మా! ఆళ్ళు తినగా మిగిల్నదే."

"బరువు తగ్గాలంటే కేలరీలు తగ్గాల్సిందే, అది నిజం. కానీ ఆ కొంచెంలో ఏం తింటున్నావన్నదే నిన్ను నిలబెడుతుంది. పప్పూ, కూరా, చేపా ఉంటే కొంచెంతోనే ఆకలి తీరుతుంది. ఉత్త అన్నం, నూనె ఎంత తిన్నా మళ్ళీ ఆకలే."

సూర్యావతికి పగ తీర్చుకునే దారి దొరికింది.

ఆ పూట అత్తకూ తనకూ ముందు వడ్డించింది. అడుగు అన్నం, నూనె, ఆవకాయ మొగుడి ముందు పెట్టింది.

"ఏటే ఇది?"

"నానిన్నాళ్ళూ తిన్న కూడు. తిను."

శంకరరావు కంచం విసిరాడు. ఆకలేసి మళ్ళీ వచ్చాడు. మర్నాడూ అదే, ఆ తర్వాతా అదే. ఎంత తిన్నా ఆకలి తీరక మళ్ళీ మళ్ళీ పెట్టించుకునేవాడు. స్కూటరు దిగకుండా తిరిగే మనిషి, వానాకాలం వెళ్ళేసరికి పాంటు బొత్తాం పెట్టుకోలేకపోయాడు. సూర్యావతి ఒళ్ళు మెల్లగా తగ్గుతోంది. అతను మెట్టెక్కి ఆయాసపడుతుంటే ఆమె తనివితీరా చూసేది. జాలి పడలేదు.

ఆ బంధువులే మళ్ళీ కలిసిన ఒక బారసాలలో, శంకరరావుకు వరసకు బావమరిది శ్యామసుందర్ అడిగాడు. "ఏటి బావా, నీకెన్నో నెల?"

అందరికంటే గట్టిగా నవ్వింది సూర్యావతే. శంకరరావు తల ఎత్తలేదు.

ఇంటికొచ్చి, "నలుగుర్లో నా పరువు తీసినావు" అన్నాడు.

"నానేటీ సెయ్యనేదు. నా కంచం నీకిచ్చినాను. నా ఒళ్ళెందుకు పెరిగిందో నీ ఒళ్ళే సెప్పింది."

అతను తల్లి వైపు చూశాడు. అప్పయమ్మ కొడుకు పక్షం రాలేదు. "నానూ మీ అయ్య తిన్నాకే తిన్నానురా. ఆయనా నన్ను దున్నపోతనే అనీవోడు. నాకు నోరు నేకపోయింది. దానికుంది."

మర్నాటి నుంచి ముగ్గురూ ఒకేసారి తిండికి కూర్చునేవారు. సూర్యావతి కోపం ఇంకా చల్లారలేదు. ఒక పూట కొడుకు పప్పు గిన్నె తనవైపు లాక్కోబోతే అప్పయమ్మే చెయ్యి అడ్డం పెట్టింది.

"ఆడది ఎంత తింతందని లెక్కెట్టే ముందు, మంచి తిండి ఎవుల కంచంలోకి పోతందో సూడాలిరా."