బావ బ్రాంచ్

బావ పోయాక ఆఫీసులో అందరూ నాతో గొంతు తగ్గించి మాట్లాడటం మొదలుపెట్టారు. నాకు ఒళ్ళు మండేది. కాఫీ మెషిన్ దగ్గర నాకోసం వరస వదిలేసేవాళ్ళు. నేను తప్పు చేసినా తప్పని చెప్పేవాళ్ళు కారు. బావ ఉండి ఉంటే, "మరదలా, ఇదే అదను, నాలుగు రోజులు పని ఎగ్గొట్టు" అనేవాడు. బావ మా అక్క భర్త. ఈ ఉద్యోగంలోకి నన్ను లాక్కొచ్చింది, పక్క కుర్చీలో కూర్చుని తిడుతూ పని నేర్పింది ఆయనే. ఇప్పుడు ఆ కుర్చీలో ఎవరిదో బ్యాగు ఉంటోంది.

మేం తయారుచేసేది మందుల వేళ గుర్తుచేసే యాప్. వేళకి ఫోన్‌లో గంట మోగుతుంది. మందు వేసుకుని 'వేసుకున్నాను' అని నొక్కాలి. నొక్కేదాకా ప్రాణం తోడేస్తుంది. అప్పటికీ నొక్కకపోతే ఇంట్లోవాళ్ళ ఫోన్‌కి 'మందు వేసుకోలేదు' అని ఎర్రటి అక్షరాలతో మెసేజ్ పోతుంది. ఆ ఎర్ర మెసేజ్ నా ఆలోచనే, నా చేత్తో రాసిందే. అందరూ భేష్ అన్నారు కూడా. తర్వాత బావకే జబ్బు చేసింది. మా యాప్ బావ ఫోన్‌లోకీ అక్క ఫోన్‌లోకీ చేరింది.

మంచం పట్టాక కూడా బావ పని మానలేదు. వీపు వెనక దిండ్లు పెట్టించుకుని, ఒళ్ళో లాప్‌టాప్ పెట్టుకుని ఏదో రాసేవాడు. పడుకోమని అక్క గొడవ చేస్తే, "నీకోసమేనే. వచ్చాక నీ ఫోన్‌లోనే చూద్దువుగాని" అనేవాడు. అంతకు మించి నోరు విప్పేవాడు కాదు. అది రాకముందే వెళ్ళిపోయాడు.

అక్క డ్రైవింగ్ స్కూల్లో కారు నడపడం నేర్పుతుంది. ఓ రోజు ఒక పాఠం అయిపోయి, ఇంకో పాఠం మొదలయ్యేలోపు నన్ను కార్లో పక్కన కూర్చోబెట్టుకుంది. స్టీరింగ్ మీద చేతులు పెట్టుకుని, ఎదురుగా ఉన్న గోడని చూస్తూ అడిగింది.

"మీ బావ నాకోసం చేసింది ఇంకా అక్కడుందా, తీసేశారా?"

"ఉందక్కా."

"నాకు చూడాలనుందే. అంతసేపు ఏం రాశారో, ఒక్కసారి చూస్తే చాలు."

అక్క చిన్నప్పటినుంచీ నాకు పెట్టడమే తప్ప అడిగి ఎరగదు. వెనకాముందూ చూసుకోకుండా తెస్తానని మాటిచ్చేశాను.

ఉండటమైతే ఉంది గానీ, బావ బ్రాంచ్‌లో ఉంది. ఒకే ప్రోగ్రాం మీద ఇంతమంది పనిచేస్తాం కాబట్టి ఎవరికి వాళ్ళం విడిగా ఒక కాపీ తీసుకుని రాసుకుంటాం. అదే బ్రాంచ్. పని పూర్తయ్యాక దాన్ని అసలు ప్రోగ్రాంలో కలుపుతాం. బావ మంచంలో ఉండగా అసలు ప్రోగ్రాం చాలా మారిపోయింది. గంట మోగే భాగాన్నంతా తిరగరాశాం. తిరగరాసింది చాలావరకు నేనే.

మా టీమ్ లీడ్‌ని అందరం 'ముక్తసరి' అంటాం, ఆయన ముందు తప్ప. అడిగితే గానీ మాట రాదు, వచ్చినా రెండో మాట ఉండదు.

"పాతబడిపోయింది," అన్నాడు. "రీబేస్ చెయ్యి. ఈ రిలీజ్‌లో పోకపోతే మూసేద్దాం."

రీబేస్ అంటే బావ చేసిన మార్పులు ఒక్కొక్కటీ ఊడదీసి, ఇవాళ్టి అసలు ప్రోగ్రాం మీద మళ్ళీ వరసగా పేర్చడం. ఒకే లైనుని ఇద్దరూ మార్చి ఉంటే అక్కడ ఆగిపోతుంది. పైన ఒకరి రాత, కింద ఇంకొకరి రాత, మధ్యలో గీతలు. దాన్ని కాన్‌ఫ్లిక్ట్ అంటాం. ఏది ఉంచాలో, ఏది తీసేయాలో మనిషే తేల్చాలి.

మొదలుపెట్టీ పెట్టగానే ఆగింది. పైన నా లైన్లు, కింద బావవి. స్క్రీన్ మీద బావ పేరు కనపడగానే కళ్ళు మసకబారాయి. చదవడం నావల్ల కాలేదు, అంతే. గొడవ వచ్చిన ప్రతిచోటా ఒకరి పక్షమే ఉంచమని చెప్పే అడ్డదారి ఒకటుంది. దాన్ని పట్టుకున్నాను. ఈ కలిపే పని చేసే మా టూల్‌కి తెలిసినవి రెండే పక్షాలు. 'అవర్స్' అంటే మాది, 'దెయిర్స్' అంటే వాళ్ళది. బావది మాది కాక ఇంకెవరిది? 'అవర్స్' అని కొట్టాను. ఎక్కడా ఆగకుండా చకచకా పేర్చేసింది. టెస్టులన్నీ పాసయ్యాయి.

ముక్తసరి చూసి, "ఇంతేనా?" అన్నాడు.

"ఓపిక ఉన్నంత రాశాడు," కస్సుమన్నాను. "చావుబతుకుల్లో ఉన్న మనిషి ఇంకెంత రాయాలండీ?"

ఆయన సరేనని కలిపేశాడు. బావ పని ఆ రిలీజ్‌లో వాడేవాళ్ళ ఫోన్లలోకి వెళ్ళిపోయింది.

ఆదివారం మధ్యాహ్నం అక్కవాళ్ళింటికి వెళ్ళాను. బావ ఫోన్‌కి అక్క ఛార్జింగ్ పెట్టి ఉంచింది. ఎప్పుడో ఆపేసిన మందుల గంటని, కొత్తది ఎలా ఉందో చూద్దామని మళ్ళీ ఆన్ చేసింది. రెండు ఫోన్లనీ భోజనాల బల్ల మీద పక్కపక్కన పెట్టుకుని, చేతులు తుడుచుకుని కూర్చుంది.

గంట మోగింది. తెర మీద 'వేసుకున్నాను' తప్ప ఇంకేమీ లేదు. అది మోగుతూనే ఉంది.

"ఆగు, వస్తుందేమో," అంది అక్క.

కాసేపటికి అక్క ఫోన్ మీద వచ్చింది. ఎర్రటి అక్షరాలు. 'మందు వేసుకోలేదు.'

అక్క దానివంక చాలాసేపు చూసింది.

"ఇది ముందునుంచీ ఉన్నదేగా," అంది. "పాఠం మధ్యలో ఇదొస్తే బండి పక్కకి ఆపించేదాన్ని. ఫోన్ చేస్తే ఎత్తేవారు కాదు. ఇంటికొచ్చి తలుపు తీసేదాకా, మనిషి ఉన్నారో లేరో అని కాళ్ళూ చేతులూ ఆడేవి కావే. తీరా చూస్తే, కడుపులో తిప్పుతోంది, ఇప్పుడు మింగితే వాంతి అవుతుందని పడుకుని ఉండేవారు. అప్పుడు తిట్టేదాన్ని. ఉన్నందుకు సంతోషించక, ఎన్నెన్ని మాటలన్నానో."

ఆ ఎర్ర అక్షరాలు ఎవరివో అక్కకి తెలియదు.

"పోన్లేవే," అంది గంట ఆపేస్తూ. "ఏదో చెయ్యాలనుకున్నారు. కుదిరి ఉండదు." పైగా నన్ను ఓదారుస్తోంది.

బస్సులో కూర్చున్నాక వెలిగింది. బావ నాకు రీబేస్ నేర్పిన రోజు ఒకటే నవ్వు. "ఇది కొత్త కోడలి వ్యవహారం మరదలా. రీబేస్‌లో టూల్ అసలు ప్రోగ్రాం ఇంట్లో నిలబడి మాట్లాడుతుంది. అక్కడ 'మావాళ్ళు' అంటే అత్తింటివాళ్ళు. నువ్వు మోసుకెళ్ళిన నీ సొంత రాతలే 'వాళ్ళవి' అయిపోతాయి. పుట్టిల్లు అనుకుని 'మాది' అన్నావో, నీ సామాను వీధిలో ఉంటుంది." నేనూ పడీ పడీ నవ్వాను. నవ్వడం గుర్తుంది, పాఠం గుర్తులేదు. 'మాది' ఉంచమని నేనే చెప్పి, బావ లైన్లు తుడిచేసి, వాటి స్థానంలో నావి నిలబెట్టుకున్నాను. మిగిలింది ఒక చిన్న బొమ్మ, కొన్ని అక్షర దోషాల సవరణ. ముక్తసరి "ఇంతేనా" అన్నది అందుకే.

చెరిపేసినవాటి జాడ మా టూల్ కొన్నాళ్ళు దాచి ఉంచుతుంది. ఆ మాత్రం దయ ఉంది దానికి. మర్నాడు ఆఫీసుకి వెళ్ళి బావ బ్రాంచ్‌ని బయటికి లాగాను. మళ్ళీ మొదటినుంచీ రీబేస్ మొదలుపెట్టాను. ఈసారి ఆగిన ప్రతిచోటా నేనూ ఆగాను. ప్రతి లైనూ చదివాను.

బావ ఇంకో బటన్ పెట్టాడు, 'ఇప్పుడు కాదు' అని. నొక్కితే గంట ఊరుకుంటుంది, కాసేపాగి మళ్ళీ అడుగుతుంది. అక్క తిట్లు తప్పించుకోవడానికి చేసుకున్నాడనుకున్నాను. చివరి కాన్‌ఫ్లిక్ట్ దగ్గరికి వచ్చాను. పైన నాది, 'మందు వేసుకోలేదు.' కింద బావది. ఆ బటన్ నొక్కగానే, ఎర్ర మెసేజ్‌కి బదులు ఇంట్లోవాళ్ళ ఫోన్‌కి వెళ్ళాల్సిన మెసేజ్.

'మెలకువగానే ఉన్నాను. కాసేపట్లో వేసుకుంటాను. కంగారు పడకు.'

అందరి మధ్యా, నా కుర్చీలోనే వెక్కివెక్కి ఏడ్చాను. చుట్టుపక్కలవాళ్ళు గొంతులు తగ్గించారు. ఈసారి నాకు కోపం రాలేదు.

నా లైను తీసేసి బావది ఉంచాను. ముక్తసరి దగ్గరికి వెళ్ళి జరిగిన పొరపాటంతా చెప్పాను. ఆయన మొత్తం చదివాడు.

"మంచి పని," అన్నాడు. మళ్ళీ తెర వంక చూసి, "'పడకు' కుదరదు," అన్నాడు.

"ఆయన రాసింది ఎందుకు మార్చాలి?"

"ఈ మెసేజ్ అమ్మలకీ నాన్నలకీ కూడా పోతుంది. వాళ్ళని 'పడకు' అంటామా? 'పడకండి' అని పెట్టు." నావైపు తిరిగి, "ఆయన ఉన్నా మార్చేవాడమ్మా," అన్నాడు.

ఆయన నాతో అంత పొడుగు మాట ఎప్పుడూ మాట్లాడలేదు. నిజమే చెప్పాడు. బావకి వాడే మనుషులే ముఖ్యం. బావ మార్పుని బావ పేరుతోనే ఉంచి, ఆ ఒక్క దిద్దుబాటూ విడిగా నా పేరున పెట్టాను.

తర్వాతి రిలీజ్ వచ్చాక మళ్ళీ అక్క దగ్గరికి వెళ్ళాను. అక్క ఏమీ ఆశ పెట్టుకోలేదు, నాకోసం కూర్చుంది. గంట మోగింది. 'వేసుకున్నాను' కింద 'ఇప్పుడు కాదు' కనపడింది. అక్క నావంక చూసింది. నొక్కమన్నాను. నొక్కింది. గంట ఊరుకుంది, వెంటనే అక్క ఫోన్ బల్ల మీద గుర్రుమంది.

అక్క పైకి చదివింది. "మెలకువగానే ఉన్నాను. కాసేపట్లో వేసుకుంటాను. కంగారు పడకండి."

మళ్ళీ ఒకసారి లోపల చదువుకుంది. తర్వాత నవ్వింది. "నాతో అండీ ఏంటే ఈయన? పెళ్ళయినప్పటినుంచీ ఒక్కనాడు అన్న పాపాన పోలేదు."

"అది మేం మార్చామక్కా. బావ 'పడకు' అనే రాశాడు."

అక్క నవ్వు ఆగిపోయింది. "ఏదీ, ఆయన రాసినట్టే చదువు."

చూడకుండానే చెప్పాను. "మెలకువగానే ఉన్నాను. కాసేపట్లో వేసుకుంటాను. కంగారు పడకు."

అక్క బల్ల మీద తల వాల్చేసింది. వీపు మీద చెయ్యి వేస్తే ఒళ్ళంతా వణికిపోతోంది. చెయ్యి తియ్యకుండా అలాగే కూర్చున్నాను.

బావ ఫోన్ మళ్ళీ మోగింది. కాసేపాగి మళ్ళీ అడగమని రాసింది ఆయనే కదా. అక్క తలెత్తి, కొంగుతో ముఖం తుడుచుకుంది. గంటని పూర్తిగా ఆపేస్తుందనుకున్నాను. 'ఇప్పుడు కాదు' నొక్కి, తన ఫోన్ చేతిలోకి తీసుకుని మెసేజ్ కోసం చూస్తూ కూర్చుంది.